షూటింగ్ అయిపోయాక ఊరు

అందరికీ నమస్కారం. చిన్న ఊళ్లలో సినిమాలు, టీవీ సీరియళ్లు తీయడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. షూటింగ్ కబుర్లతో ఈ ముప్పావుగంట హాయిగా గడిపేయొచ్చు. కొన్ని కబుర్లు చెబుతాను కూడా. కానీ నా ఆసక్తంతా యూనిట్ వాళ్లు లారీలెక్కి వెళ్లిపోయిన తర్వాత మొదలవుతుంది. ఊరు అప్పుడు ఏమవుతుంది, ఏం మిగులుతుంది, మిగిలింది ఎవరి సొత్తు? ఈ ప్రశ్నలు షూటింగ్‌కు ముందే వేసుకోవాలి. దాదాపు ఎవరూ వేసుకోరు.

ముందుగా ఒక బోర్డుల కథ. 1967లో ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది. కథ జరిగేది అమెరికా దక్షిణాదిలోని మిసిసిపీలో. హీరో సిడ్నీ పాటియే నల్లజాతి నటుడు. అంతకు కొన్నేళ్ల ముందే పౌరహక్కుల ఉద్యమం పని మీద ఆయనా, గాయకుడు హ్యారీ బెలఫాంటే మిసిసిపీ వెళ్తే నల్లజాతివాళ్ల మీద దాడులు చేసే తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్లు కార్లలో వెంటపడ్డారు. ప్రాణాలతో బయటపడటమే గొప్ప. అందుకని ఆయన దక్షిణాదికి వచ్చి షూటింగ్ చేయడానికి ఒప్పుకోలేదు. దాంతో యూనిట్ ఉత్తరాన ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు వెతుక్కుంది. ఆ ఊరి పేరు స్పార్టా. అక్కడ ఏ బోర్డు చూసినా స్పార్టా అనే ఉంది. అన్నీ చెరిపి మళ్లీ రాయించడం ఎందుకని కథలోని ఊరికే స్పార్టా అని పేరు పెట్టేశారు. బోర్డుల ఖర్చు మిగిలింది. (నవ్వులు)

కథ అక్కడితో ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1988లో అదే కథ టీవీ సీరియల్‌గా మొదలైంది. మొదట లూసియానాలోని హామండ్‌లో తీశారు, తర్వాత జార్జియాలోని కోవింగ్టన్‌కు మారారు. ఈ రెండు ఊళ్లూ స్పార్టా వేషం కట్టాయి. అదే కోవింగ్టన్ 2009 నుంచి ‘ద వాంపైర్ డైరీస్’ కోసం మిస్టిక్ ఫాల్స్ అనే మరో ఊరైంది. ఇప్పటికీ అభిమానులు మిస్టిక్ ఫాల్స్ చూడాలనే కోవింగ్టన్ వెళ్తారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు మాత్రం కోవింగ్టన్‌లోనే ఉంటున్నారు. ఒకే వీధి, ఒకే కోర్టు భవనం, చూసేవాళ్లను బట్టి వేర్వేరు ఊళ్లు. ఇదంతా ముచ్చటగా ఉంటుంది, సరే. ఆ వీధిలో కాపురం ఉండేవాళ్లకు మాత్రం ఇది రోజువారీ వ్యవహారం.

ఇంతకీ కెమెరా ఒక ఊరిని ఎందుకు ఎంచుకుంటుంది? అందంగా ఉంటుంది కాబట్టి అంటారు చాలామంది. కొంతవరకే నిజం. ఎక్కువసార్లు ఆ అందం వెనక డబ్బు లేకపోవడం ఉంటుంది. డబ్బున్న ఊరు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకుంటుంది, షాపుల ముందు అద్దాలు పెట్టించుకుంటుంది, రోడ్లు వెడల్పు చేస్తుంది. పాతదనం మిగిలేది డబ్బు దారి తప్పిపోయిన చోట. ఇటలీలో మతేరా సంగతి చూడండి. కొండను తొలిచిన గుహల్లాంటి ఇళ్లు. వాటిలో మనుషులు, పశువులు కలిసి బతికేంత పేదరికం. ఆ స్థితి దేశానికే అవమానమని 1952లో చట్టం చేసి అక్కడివాళ్లను కొత్త ఇళ్లకు తరలించారు. ఖాళీ అయిన ఆ గుహలే తర్వాత దర్శకుల కంటికి రెండు వేల ఏళ్ల నాటి జెరూసలేంలా కనిపించాయి. 1964లో ఇటలీ దర్శకుడు పసోలినీ క్రీస్తు కథ అక్కడే తీశాడు. 2004లో విడుదలైన సినిమా కోసం హాలీవుడ్ దర్శకుడు మెల్ గిబ్సన్ మళ్లీ క్రీస్తు కథే అక్కడే తీశాడు. ఏ ఇళ్లను చూసి దేశం తలదించుకుందో ఆ ఇళ్లనే తెర మీద ప్రపంచం తలెత్తి చూసింది. మతేరా దగ్గరలోనే క్రాకో అనే ఊరుంది. 1963లో కొండచరియలు జారి జనం ఊరొదిలి పోయారు. అదీ సినిమాల ఊరే ఇప్పుడు. మనుషులు లేని ఊరు కదా, అనుమతుల తలనొప్పి కూడా తక్కువ.

స్కాట్లాండ్‌లో కల్రాస్ కూడా ఇంతే. బొగ్గు, ఉప్పు వ్యాపారాలతో ఒకప్పుడు బాగా బతికి తర్వాత చితికిపోయింది. పదిహేడో శతాబ్దపు ఇళ్లు అలాగే మిగిలాయి. ‘ఔట్‌లాండర్’ సీరియల్‌కు అవే పనికొచ్చాయి. అమెరికాలో రోస్లిన్ బొగ్గుగని ఊరు, గనులు మూతపడ్డాయి. ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ సీరియల్‌లో 1990 నుంచి 1995 దాకా అదే అలాస్కాలోని సిసిలీ అనే కల్పిత ఊరు.

అయితే పాతదనం ఒక్కటే చాలదు. రెక్కీకి, అంటే షూటింగ్‌కు చోటు చూసుకోవడానికి, వచ్చే లొకేషన్ మేనేజర్‌కు తన లెక్కలు తనకుంటాయి. యూనిట్ బస్సులు, జనరేటర్ వ్యాన్లు, క్యారవాన్లు నిలబెట్టడానికి ఖాళీ జాగా ఉందా? రెండు వందల మంది పడుకోవడానికి దగ్గర్లో హోటళ్లు ఉన్నాయా? ఎండ ఏ వేళకు ఏ గోడ మీద పడుతుంది? పక్కనే రైల్వే లైను గానీ విమానాల దారి గానీ ఉందా? ఉంటే సౌండ్ మనిషి గోలపెడతాడు. అన్నిటికన్నా ముఖ్యం, అనుమతి కోసం ఎంతమంది తలుపులు తట్టాలి? ఇంగ్లండ్‌లో లేకాక్ అనే పల్లెకు ఇంత డిమాండ్ ఉండటానికి కారణం పాత రాతి ఇళ్లే కాదు. 1944 నుంచి ఊళ్లో చాలా భాగం నేషనల్ ట్రస్ట్ అనే ఒకే సంస్థ చేతిలో ఉంది. కరెంటు తీగలు, యాంటెన్నాలు కంటపడకుండా వాళ్లే చూసుకుంటారు. తారురోడ్డు మీద మట్టి పోస్తే పనైపోతుంది. 1995లో బీబీసీ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సీరియల్‌లో కనిపించే మెరిటన్ పట్టణం ఇదే.

మరి కథలోని అసలు ఊరు ఉండగా ఇంకో ఊరికి ఎందుకు పోతారు? ‘గ్రౌండ్‌హాగ్ డే’ కథ పెన్సిల్వేనియాలోని పంక్సటానీలో జరుగుతుంది. గ్రౌండ్‌హాగ్ అనే చిన్న జంతువు బయటికొచ్చి చలికాలం ఎప్పుడు పోతుందో చెబుతుందని చేసే ఉత్సవం అది, నిజంగానే అక్కడ జరుగుతుంది. కానీ దర్శకుడికి ఊరి నడిమధ్య ఒక చతురస్రపు పార్కు, దాని చుట్టూ దుకాణాలు, ఒక బ్యాండ్‌స్టాండ్ కావాలి. అసలు ఉత్సవం జరిగే గుట్ట ఊరి బయట ఉంది. అందుకని ఇల్లినాయ్‌లోని వుడ్‌స్టాక్‌కు పోయారు. ఇప్పుడు వుడ్‌స్టాక్‌లో కూడా ఏటా ఆ ఉత్సవం చేస్తారు, వాళ్లకూ సొంత గ్రౌండ్‌హాగ్ ఉంది! సినిమాలో బిల్ మరే పదేపదే కాలుపెట్టే నీళ్ల గుంట దగ్గర ఫలకం కూడా పెట్టారు.

ఇంకో ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను, ఇది నాకు చాలా ఇష్టం. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలకు మూలం రచయిత్రి హార్పర్ లీ సొంతూరు మన్రోవిల్. 1962 సినిమా కోసం ఆర్ట్ విభాగం వాళ్లు ఆ ఊరు వెళ్లి చూస్తే, అది కథాకాలమైన 1930ల ఊరిలా లేదు, మారిపోయింది. కోర్టు హాలు కొలతలు తీసుకుని హాలీవుడ్‌లో అచ్చం అలాంటిదే కట్టుకున్నారు. ఊరు బాగుపడినందుకు సొంత పాత్ర దక్కలేదు!

ఇప్పుడు షూటింగ్ రోజుల సంగతి. ఇది క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మీరందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మొదటి రోజు పండగ. రెండో రోజు కూడా ఫర్వాలేదు. తర్వాత మొదలవుతుంది అసలు సంగతి. రోడ్డు మూసేస్తారు, “ఒక్క నిమిషం ఆగండి సార్, షాట్ నడుస్తోంది” అంటారు, ఆ నిమిషం అరగంట అవుతుంది. రాత్రి షూటింగ్ అయితే పెద్ద లైట్లు కిటికీల్లోంచి పడుతుంటాయి, పసిపిల్లలు నిద్రపోరు. గోడకు కొత్త రంగు వేసుకోవడానికి వీల్లేదు, కంటిన్యుటీ పోతుంది, అంటే ముందు తీసిన షాట్‌తో కలవదు. సినిమా ఫ్రేములో మీ ఇల్లు ఒక్కసారి కనిపించిందంటే ఆ షెడ్యూల్ పూర్తయ్యేదాకా మీ ఇల్లు సగం వాళ్లదే. దుకాణం మూయించినందుకు నష్టపరిహారం ఇస్తారు. కానీ షూటింగ్ జరిగే వీధిలోని దుకాణాలకే. పక్క వీధివాడికి గిరాకీ అంతే తగ్గుతుంది, వాడికి మాత్రం పైసా రాదు. ఈ పక్క వీధివాడిని ఏ ఒప్పందంలోనూ చూడలేదు నేను.

జార్జియాలోని సెనోయాలో ఇంకా విచిత్రం. ‘ద వాకింగ్ డెడ్’ సీరియల్‌లో అలెగ్జాండ్రియా అనే కోట లాంటి కాలనీ ఉంటుంది. అది సెట్ కాదు, నిజంగా జనం కాపురాలుండే ఇళ్లు. దాని చుట్టూ ఎత్తయిన రేకుల గోడ కట్టేసి ఏళ్ల తరబడి షూటింగ్ చేశారు. బయట జాంబీల గుంపు, లోపల మామూలు సంసారాలు. స్కూలుకు టైమవుతోందని పిల్లల్ని తొందరపెట్టే తల్లులు కూడా ఆ గోడ లోపలే ఉన్నారు మరి.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. హోటల్ గదులు, యూనిట్ భోజనాలు, అద్దె వాహనాలు, వడ్రంగులు, పెయింటర్లు, జూనియర్ ఆర్టిస్టులుగా వెళ్లే ఊరివాళ్ల బత్తా — ఇవి ఊళ్లో మిగిలేవి. పెద్ద పారితోషికాలు వచ్చిన దారినే పోతాయి. జార్జియా లాంటి రాష్ట్రాలు ఖర్చులో 20 శాతం, తమ రాష్ట్రం లోగో తెర మీద వేస్తే మరో 10 శాతం పన్ను రాయితీగా ఇస్తాయి. అది రాష్ట్రం ఖజానా లెక్క. ఊరి లెక్క వేరు. రాయితీ ఇంకోచోట ఎక్కువ దొరికితే యూనిట్ అటే పోతుంది. కాబట్టి “మా ఊరికి సినిమా పరిశ్రమ వచ్చింది” అని ఎవరైనా అంటే నేను కాస్త ఆగి వింటాను. వచ్చింది పరిశ్రమ కాదు, అతిథి.

ఇక్కడ సినిమాకూ టీవీకీ పెద్ద తేడా ఉంది. సినిమా ఒకసారి వచ్చి పోతుంది. సీరియల్ మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంగ్లండ్‌లోని హోమ్‌ఫర్త్ ఒకప్పుడు ఉన్ని మిల్లుల ఊరు. అక్కడ ‘లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్’ అనే హాస్య సీరియల్ 1973లో మొదలై 2010 దాకా నడిచింది. 37 ఏళ్లు! మొదటి ఎపిసోడ్ నాటికి చంకలో ఉన్న పిల్లలు చివరి ఎపిసోడ్ నాటికి నడివయసుకు వచ్చారు. అంత కాలం కలిసి బతికితే యూనిట్‌కూ ఊరికీ మధ్య ఒక మర్యాద ఏర్పడుతుంది. ఎవరి వాకిట్లో వ్యాను పెట్టొచ్చు, ఎవరికి చిరాకు, ఏ నెలలో టూరిస్టుల రద్దీ — అన్నీ తెలుస్తాయి. మళ్లీ రావాల్సినవాడు చెత్త వదిలి పోడు. కార్న్‌వాల్‌లోని పోర్ట్ ఐజాక్ అనే జాలరుల ఊరిలో ‘డాక్ మార్టిన్’ను 2004 నుంచి 2022 దాకా, ఎక్కువగా రెండేళ్లకోసారి వచ్చి తీశారు. యార్క్‌షైర్‌లోని గోత్‌లాండ్ ‘హార్ట్‌బీట్’ కోసం పద్దెనిమిదేళ్లు ఏడెన్స్‌ఫీల్డ్ అయింది. సీరియల్ 2010లో ఆగింది. ఏడెన్స్‌ఫీల్డ్ గ్యారేజీ అనే బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఇంకా జనం వచ్చి ఫొటో తీసుకుంటున్నారు కాబట్టి.

సీరియల్ ఇచ్చే ఇంకొకటి, ఊహలో ఉన్న ఊరికి ఒక చిరునామా. ఆర్.కె. నారాయణ్ మాల్గుడిని ఏ పటంలోనూ లేకుండా సృష్టించారు. 1980లలో దూరదర్శన్ కోసం శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో ‘మాల్గుడి డేస్’ తీశాక, మాల్గుడి ఎక్కడుందంటే జనం ఆగుంబె వైపు చూపించడం మొదలుపెట్టారు. రైలు సీన్లు తీసిన అరసాళు స్టేషన్‌లో ఇప్పుడు మాల్గుడి మ్యూజియం ఉంది. ఈ కథ చాలావరకు హాయిగా సాగింది. ఊరు దెబ్బతినలేదు, నారాయణ్ ఊహా దెబ్బతినలేదు. ఎప్పుడూ ఇలాగే ఉండదు.

స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్ట్ అనే పల్లె ఉంది. జనాభా నాలుగు వందల పైచిలుకు. అక్కడ సరస్సులోకి పొడుచుకొచ్చిన ఒక చిన్న చెక్క వంతెన ఉంది, పడవలెక్కే రేవు. కొరియన్ సీరియల్ ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’లో హీరో ఆ రేవు మీద కూర్చుని పియానో వాయిస్తాడు. అంతే. కొన్ని నిమిషాల సీను. సీరియల్ 2019 డిసెంబరులో మొదలై 2020 ఫిబ్రవరిలో ముగిసింది, వెంటనే కోవిడ్ వచ్చింది. ప్రపంచం మొత్తం ఇళ్లలో కూర్చుని అదే సీరియల్ చూసింది. సరిహద్దులు తెరిచారు, ఆసియా నుంచి టూరిస్టు బస్సులు బయల్దేరాయి. ఒక్కో బస్సు ఆగడం, యాభై మంది దిగడం, రేవు మీద వరసగా ఫొటోలు తీసుకోవడం, ఎక్కి వెళ్లిపోవడం. ఊళ్లో రాత్రి ఉండేవాళ్లు తక్కువ, తిని పోయేవాళ్లు తక్కువ. మిగిలేవి చెత్త, ట్రాఫిక్, మరుగుదొడ్ల దగ్గర వరస. చివరికి 2023లో ఊరి పాలకవర్గం ఆ రేవు ముందు మనిషి పట్టేంత తిరుగుడు గేటు పెట్టింది. రేవు మీద అడుగుపెట్టి ఫొటో తీసుకోవాలంటే 5 స్విస్ ఫ్రాంకులు. బస్సులు ముందుగా పార్కింగ్ బుక్ చేసుకోవాలి.

ఆ గేటు గురించి ఇంటర్నెట్‌లో చాలామంది ఎగతాళి చేశారు, ఊరివాళ్లు డబ్బు మనుషులని తిట్టారు. నేను ఒప్పుకోను. రేవు ఊరిది, దాన్ని బాగుచేయించేది ఊరు, ఊడ్చేది ఊరు. సీరియల్ తీసినవాళ్లు పియానో తీసుకుని వెళ్లిపోయారు. ఊరికి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ఆ గేటు. నాకున్న ఫిర్యాదల్లా అది మూడేళ్లు ఆలస్యంగా వచ్చిందని.

ఇసెల్ట్‌వాల్ట్‌కు వచ్చింది మంచి పేరే. చెడ్డ పేరు తగిలిన ఊరి సంగతి ఇంకా కష్టం. అమెరికాలో మేరీల్యాండ్‌లోని బర్కిట్స్‌విల్‌లో రెండు వందల మంది కూడా ఉండరు. 1999లో వచ్చిన ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ ఊరి పేరు వాడుకుంది, అక్కడ మంత్రగత్తె కథ ఉందని కల్పించింది. సినిమాలో అడవి సీన్లు చాలావరకు వేరేచోట తీసినవి. సినిమాను నిజమేనేమో అనిపించేలా ప్రచారం చేశారు కదా, జనం నమ్మారు. ఊరి శ్మశానంలో తిరగడం, స్వాగతం బోర్డులు ఎత్తుకుపోవడం. ఊరివాళ్లు ఏళ్ల తరబడి బోర్డులు మారుస్తూ కూర్చున్నారు. పేరు వాడుకోవడానికి ఊరి అనుమతి ఏ చట్టమూ అడగదు. ఇది విని మీకు అన్యాయం అనిపిస్తే, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ రచయిత ఒక ఊరి పేరు రాసుకోవడానికి ఆ ఊరి సంతకం కావాలంటే రేపు కథలే ఉండవు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను.

నా దగ్గర జవాబు ఉన్న కేసు హుస్కార్‌ది. స్పెయిన్‌లో మలగా దగ్గర కొండల్లో ఉంది, జనాభా రెండు వందల పైన. ఆ ప్రాంతంలో ఊళ్లన్నీ సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లతో ఉంటాయి, హుస్కార్ కూడా అంతే. 2011లో సోనీ సంస్థ ‘స్మర్ఫ్స్’ సినిమా విడుదల ప్రచారం కోసం ఊరంతా నీలం రంగు వేస్తామంది. స్మర్ఫ్‌లంటే బెల్జియం కార్టూనిస్టు పెయో సృష్టించిన నీలం రంగు బుడ్డి మనుషులు. ఇది షూటింగ్ కాదు, ప్రచారం మాత్రమే. కానీ మన విషయానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఇళ్లు, పంచాయతీ భవనం, చర్చి, చివరికి శ్మశానం గోడలు కూడా నీలం చేశారు. ప్రచారం అయిపోగానే మళ్లీ తెల్లగా చేసిస్తామని మాటిచ్చారు, ఆ మాట మీద నిలబడటానికి వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. ఈలోగా ఎవరూ మొహం చూడని ఊరికి వేలకు వేలు జనం రావడం మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో ఊరివాళ్లు ఓటు వేశారు, నీలమే ఉంచుదామని పెద్ద మెజారిటీతో తేల్చారు.

తర్వాత అయిదారేళ్లు బాగా నడిచింది. బొమ్మలు పెట్టారు, స్మర్ఫ్ వేషాలు, స్మర్ఫ్ పెళ్లిళ్లు, పిల్లల ఆటలు. అప్పుడు స్మర్ఫుల హక్కుదారుల, అంటే పెయో వారసుల, వైపు నుంచి మాట వచ్చింది — పేరుతో వ్యాపారం చేస్తున్నారు, మాకు వాటా ఇవ్వాలి. బేరం కుదరలేదు. 2017 ఆగస్టు నుంచి హుస్కార్ తనను స్మర్ఫుల ఊరని చెప్పుకోకూడదు. బొమ్మలు తీసేశారు. ఊరు నీలంగానే మిగిలింది. ఎందుకు నీలమో చెప్పుకోవడానికి మాత్రం వీల్లేదు.

హక్కుదారులను తప్పుపట్టడం తేలిక. వాళ్ల సొత్తు, వాళ్లు అడిగారు. నా బాధ 2011 గురించి. ఒక పెద్ద స్టూడియో, సినిమా విడుదల దగ్గరపడి, ప్రపంచమంతా ఫొటోలు వేసుకోవడానికి ఒక ఊరు కావాలని ఆ ఊరి గుమ్మం ముందు నిలబడిన రోజు అది. ఊరికి బేరం చేసే బలం ఉన్నది ఆ ఒక్క రోజే. ఆ రోజు మాటలు తెల్ల రంగు మళ్లీ ఎవరు వేయిస్తారన్న దాని చుట్టూ తిరిగాయి. ఒకవేళ ఊరు నీలంగానే ఉండిపోదలిస్తే పేరు వాడుకునే హక్కు ఎన్నేళ్లు, ఏ షరతుల మీద, ఎంత వాటాకు అన్నది కాగితం మీదికి ఎక్కి ఉంటే 2017లో బొమ్మలు మోసుకుపోవాల్సిన అవసరం వచ్చేది కాదు. షూటింగ్ ఒప్పందాలు ఎప్పుడూ ఊరిని యథాస్థితికి తేవడం గురించే రాస్తాయి. పగిలిన పెంకు, తొక్కిన మొక్క, వంగిన గేటు — అన్నిటికీ క్లాజు ఉంటుంది. ఊరు యథాస్థితికి రానంటే ఏం చేయాలో ఒక్క క్లాజూ ఉండదు.

ఊరు ఒక్కరిది కాకపోతే ఇంకో చిక్కు. అయోవాలో డయర్స్‌విల్ అనే ఊరి బయట 1988లో ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ తీశారు. మొక్కజొన్న చేలో బేస్‌బాల్ మైదానం కట్టే రైతు కథ. ఆ ఏడాది కరువు, చేనుకు నీళ్లు తోలి పెంచారు, గడ్డికి పచ్చ రంగు కొట్టారు. మైదానం నిలువునా రెండు కుటుంబాల పొలాల్లోకి వచ్చింది. షూటింగ్ అయ్యాక ఒక కుటుంబం మైదానాన్ని అలాగే ఉంచుకుంది. రెండో కుటుంబం తన భాగాన్ని దున్ని మళ్లీ మొక్కజొన్న వేసింది. రైతుకు అది పొలం, అంతకన్నా న్యాయమైన పని ఏముంటుంది? కానీ సినిమా హిట్ అయింది, జనం రావడం ఆగలేదు. కొద్ది కాలానికే ఆయన కూడా మొక్కజొన్న తీసేసి గడ్డి పరిచాడు. తర్వాత చాలా ఏళ్లు ఒకే మైదానానికి రెండు వైపులా రెండు సావనీర్ దుకాణాలు నడిచాయి. 2021లో అమెరికా పెద్ద లీగ్ వాళ్లు పక్కనే స్టేడియం కట్టి నిజమైన మ్యాచ్ ఆడించారు. సినిమా వచ్చిన ముప్పై రెండేళ్లకు! ఆ రోజుల్లో లొకేషన్ ఫీజు కోసం సంతకం పెట్టినవాళ్లెవరూ ముప్పై రెండేళ్లు ఊహించి ఉండరు.

కాబట్టి నన్ను ఏ ఊరి పెద్దలైనా సలహా అడిగితే ముందు ఫీజు గురించి మాట్లాడను. ఫీజు వాళ్లు ఎటూ ఇస్తారు. టూరిస్టులు వస్తే పార్కింగ్ ఎక్కడ, మరుగుదొడ్లు ఎవరు కట్టిస్తారు అని అడగమంటాను. ఊరి ఫొటోలు, సినిమా పేరు, పాత్రల పేర్లు ఊరు తన ప్రచారానికి వాడుకోవచ్చా, ఎన్నేళ్లు అని రాయించుకోమంటాను. సెట్ కడితే దాన్ని పడగొట్టే ముందు కొనుక్కునే మొదటి అవకాశం ఊరికి ఇవ్వమని అడగమంటాను. స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారిలో కౌబాయ్ సినిమాల కోసం కట్టిన ఒక ఊరి సెట్‌ను, అందులో ఎక్స్‌ట్రాలుగా చేసినవాళ్లే కొనుక్కుని టూరిస్టుల కోసం నడిపారు. యూనిట్‌కు అది పడగొట్టే ఖర్చు, వాళ్లకు అది బతుకుతెరువు. పక్క వీధివాడిని కూడా మర్చిపోవద్దంటాను. ఇవన్నీ అడిగితే యూనిట్ పక్క ఊరికి పోతుందేమోనని భయపడతారు. కొన్నిసార్లు పోతుంది కూడా. కానీ రెక్కీ పూర్తయి, దర్శకుడికి మీ వీధి మలుపు నచ్చేశాక అంత తేలిగ్గా పోదు. ఆయన మనసు మార్చడం కన్నా పార్కింగ్ గురించి ఒక పేరా రాయడమే ప్రొడక్షన్ మేనేజర్‌కు సులువు.

ఒక్కటి బాగా కుదిరిన ఉదాహరణ చెబుతాను. న్యూజిలాండ్‌లో మాటామాటా పాలరైతుల ఊరు. ఆ ఊరి దగ్గర 1,250 ఎకరాల గొర్రెల, పశువుల ఫారంను పీటర్ జాక్సన్ 1998లో పైనుంచి విమానంలో చూశాడు. కరెంటు తీగలు లేవు, రోడ్లు లేవు, గుండ్రటి కొండలు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో హాబిట్లనే పొట్టి మనుషుల ఊరు అక్కడే కట్టారు. లోపలికి రోడ్డు వేయడానికి సైన్యం సాయపడింది. ఆ సెట్ థర్మకోల్, ప్లైవుడ్‌తో చేసిన తాత్కాలిక సరుకు. ఒప్పందం ప్రకారం షూటింగ్ అవగానే పీకేయడం మొదలుపెట్టారు. మధ్యలో వానలు పట్టుకుని పని ఆగింది. రంగులు, తలుపులు ఏమీ లేని తెల్లటి చెక్క ముఖాలు కొన్ని కొండకు అలాగే మిగిలాయి. సినిమా వచ్చాక ఆ చెక్కల్ని చూడటానికే జనం వచ్చారు. 2002 నుంచి ఫారం కుటుంబం టూర్లు నడపడం మొదలుపెట్టింది.

‘ద హాబిట్’ సినిమాల కోసం 2009లో యూనిట్ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ కుటుంబానికి ఏడేళ్ల అనుభవం ఉంది. ఏం అడగాలో తెలుసు. కట్టేదేదో శాశ్వతంగా కట్టమన్నారు. అసలైన కలప, అసలైన ఇటుక, అసలైన తోటలు. 2011కల్లా 44 హాబిట్ ఇళ్లు లేచాయి. ఆ తర్వాత టూరిజం వ్యాపారం ఫారం కుటుంబం, పీటర్ జాక్సన్ కలిసి భాగస్వామ్యంలో నడుపుతున్నారు. పేరు వాడుకోవడానికి ఎవరినీ దొంగచాటుగా అడగక్కర్లేదు. గొర్రెలు కూడా ఆ కొండల మీదే మేస్తున్నాయి, ఫారం ఇంకా ఫారమే.

మొదటిసారి వానలు ఆదుకున్నాయి. రెండోసారి కాగితం. ప్రశ్నలుంటే అడగండి, ముందు వరసలో చేతులెత్తిన వాళ్లతో మొదలుపెడదాం.